పలకకు ముందు పూసల దండ

ఉదయం పదిగంటల వేళ. ఊరి మధ్య వేపచెట్టు పక్కన అంగన్‌వాడీ కేంద్రం. లోపల చాపమీద పదిమంది పిల్లలు కూర్చుని పూసలు గుచ్చుతున్నారు. వారిలో ఒకడు నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి దారం కొసను పూస కన్నంలోకి తోస్తున్నాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి దూరింది. పిల్లవాడి ముఖం వికసించింది.

సరిగ్గా అప్పుడే పొలం పనికి వెళుతున్న వాడి తల్లి గుమ్మంలో నిలబడి తొంగిచూసింది. "ఏం టీచరమ్మా, పూసలు గుచ్చేదానికా వీడిని పంపింది? అ ఆలు ఎప్పుడు దిద్దిస్తారు?" అని అడిగింది. టీచరమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. "దిద్దిస్తాంలే అక్కా" అని ఊరుకుంది. పై ఏడాది ఆ పిల్లవాడు టౌనులోని నర్సరీ బడికి ఆటోలో వెళ్లిపోతాడు. అక్కడ మూడున్నర ఏళ్ల పిల్లల చేతికి కూడా పెన్సిలు ఇచ్చి, రోజుకు రెండు పేజీలు రాయించి, ఇంటికి హోంవర్కు పంపుతారు. తల్లిదండ్రులకు అది చదువులా కనిపిస్తుంది. పూసల దండ ఆటలా కనిపిస్తుంది.

జిల్లాలో ఏ ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఆ తల్లి అడిగిన ప్రశ్నలో తప్పులేదు. కూలిడబ్బుల్లోంచి మిగుల్చుకుని బిడ్డను చదివించాలనుకునే తల్లికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. అయితే దానికి సరైన సమాధానం కూడా ఉంది. ఆ సమాధానం ఆమెకు చెప్పేవారు లేకపోవడమే అసలు లోటు. పూసలు గుచ్చడం చదువు మానిపించే ఆట కాదు. రాతకు చేతిని సిద్ధంచేసే తొలి పాఠం అది.

చేయి ఎలా పెరుగుతుంది?

పెద్దవారి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. బిడ్డ పుట్టిన నాటికి అవేవీ గట్టి ఎముకలుగా ఉండవు. మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. చివరి ఎముక గట్టిపడే సరికి పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండేళ్లు వస్తాయి. మూడేళ్ల పిల్లవాడి మణికట్టు ఎక్స్‌రే తీస్తే అందులో సగం ఎముకలు కూడా కనిపించవు. అటువంటి చేతితో పేజీలకు పేజీలు రాయించడం లేతమొక్కకు గుమ్మడితీగ పాకించడం వంటిది.

వేళ్ల పట్టు కూడా ఒక్కరోజులో వచ్చేది కాదు. ఆరునెలల బిడ్డ వస్తువును గుప్పిటతో దగ్గరకు లాక్కుంటుంది. తొమ్మిదో నెల దాటాక బొటనవేలు, చూపుడువేలు కలిపి నేలమీది మరమరాన్ని ఏరుకుంటుంది. ఆ రెండు వేళ్ల కలయికే మనిషి చేసే పనులన్నింటికీ మూలం. కలుపు తీయాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా, విత్తనం నాటాలన్నా, చొక్కాకు గుండీ పెట్టుకోవాలన్నా ఆ పట్టే కావాలి. పెన్సిలు పట్టుకోవాలన్నా అదే.

ఏ వయసులో పిల్లలు ఏమి చేయగలరో తెలిపే పట్టికలను పలు దేశాల వైద్యులు తయారుచేశారు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ 2022లో సవరించిన పట్టిక వాటిలో ఒకటి. పెద్ద పూసలవంటి వాటిని దారానికి ఎక్కించడం మూడేళ్లకు వచ్చే పని అని అందులో ఉంది. పెన్సిలును గుప్పిటతో కాక వేళ్లతో పట్టుకోవడం నాలుగేళ్లకు వచ్చే పని. తన పేరులోని కొన్ని అక్షరాలు రాయడం, కొన్ని గుండీలు పెట్టుకోవడం అయిదేళ్లకు వచ్చే పనులు.

ఈ వరుసను తల్లిదండ్రులు జాగ్రత్తగా గమనించాలి. పూస ముందు వచ్చింది. పెన్సిలు పట్టు దాని వెనుక ఏడాదికి వచ్చింది. అక్షరం మరో ఏడాదికి వచ్చింది. నేడు ఈ వరుస తలకిందులు అవుతున్నది. మూడేళ్లకే అక్షరం, పూస అసలే లేదు. పునాది తవ్వకుండా గోడ లేపితే ఏమవుతుందో ఇల్లు కట్టినవారికి తెలియనిది కాదు.

పూస చేయించే పని

ఒక్క పూసను దారానికి ఎక్కించడంలో ఎంత పని ఉందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎడమచేయి పూసను కదలకుండా పట్టుకోవాలి. కుడిచేయి దారం కొసను పట్టుకోవాలి. కన్ను రెండింటినీ చూసి చేతులకు దారి చూపాలి. కొస కన్నంలో దూరగానే ఎడమచేయి పూసను వదిలి అవతలివైపు కొసను అందుకోవాలి. కుడిచేయి వదలాలి, ఎడమచేయి లాగాలి. రెండు చేతులు వేరువేరు పనులు చేస్తూనే కలిసి పనిచేయాలి. బడికి వెళ్లాక ఒక చేత్తో కాగితం అదిమిపట్టి మరో చేత్తో రాయడమూ ఇదే కోవలోనిది. కత్తెరతో కాగితం కత్తిరించడమూ ఇంతే.

పైగా తెలుగు లిపి గుండ్రని లిపి. తలకట్టు, సున్నా, కొమ్ము, సుడి అన్నీ మణికట్టు తిప్పి రాయవలసినవే. నిలువుగీత, అడ్డగీతలతో అయిపోయే అక్షరాలు మనకు లేవు. వేళ్లలో పట్టు, మణికట్టులో మెలకువ లేని పిల్లవాడికి 'అ' రాయడమే కొండెక్కినంత పని. వాడు పెన్సిలును గుప్పిటతో బిగించి పట్టుకుంటాడు. కాగితం చిరిగేటంత అదిమి రాస్తాడు. అరపేజీకే చేయి నొప్పి అంటాడు. అప్పుడు వాడికి మొద్దబ్బాయి అన్న పేరు వస్తుంది. లోపం వాడి తెలివిలో లేదు. ఇంకా సిద్ధంకాని వేళ్లలో ఉంది. తప్పు వేళ్లది, దెబ్బలు వీపుకు.

ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో పేదపిల్లలకోసం బడి తెరిచినప్పుడు ఈ సంగతినే పట్టుకున్నారు. చిన్న పిడి ఉన్న చెక్క దిమ్మెలను మూడు వేళ్లతో ఎత్తి, వాటివాటి గుంటల్లో పెట్టే ఆటను ఆమె పిల్లలకు ఇచ్చారు. ఆ మూడు వేళ్ల పట్టే రేపటికి పెన్సిలు పట్టు అవుతుంది. లెక్కలు నేర్పడానికి ఆమె పూసలనే వాడారు. ఒక పూస ఒకటి, పది పూసల కడ్డీ పది. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మనదేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. నేడు ఆమె పేరు బోర్డుమీద పెట్టుకున్న బళ్లు టౌనుల్లో చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింట మూడేళ్ల పిల్లలచేత కాపీపుస్తకాలు నింపించడం విచారకరం.

పాత ఇళ్లలో ఈ పాఠం ఉండేది

నిజానికి ఇది మనకు విదేశాలనుంచి రావలసిన విద్య కాదు. మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. చింతగింజలతో వామనగుంటలు, గులకరాళ్లతో అచ్చంగిల్లాలు, గవ్వలాట వేళ్లకు సాధన ఇచ్చిన ఆటలే. సందెవేళ అమ్మమ్మ పక్కన కూర్చుని పప్పులో రాళ్లు ఏరడం, చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, వేరుశనక్కాయలు వొలవడం వేళ్లకు పనిచెప్పిన పనులే. వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలపడానికి బొటనవేలు, చూపుడువేలు మధ్య ముగ్గుపిండి ఎంత వదలాలో తెలియాలి. పెన్సిలును ఎంత అదమాలో తెలియడమూ అటువంటిదే.

తెల్లవారుజామున పొగడచెట్టు కింద రాలిన పూలను ఏరి దారానికి గుచ్చిన పిల్లలు ఇప్పటి తాతలు, అవ్వలు. పొగడపువ్వుకు నడుమ కన్నం ఉంటుంది గనుక సూది కూడా అక్కరలేదు. పారిజాతం పూలకు కాడ సన్నని గొట్టంలా ఉంటుంది. ప్రకృతి ఇచ్చిన పూసలు అవి.

పాతరోజుల్లో అయిదో ఏట అక్షరాభ్యాసం చేసే ఆచారం ఉండేది. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించేవారు. ఆ తరువాత బడిలో ఇసుకమీద వేలితో దిద్దడం. ఆ తరువాతనే పలక, బలపం. కాగితం, కలం చాలా ఆలస్యంగా వచ్చేవి. వేలి నుంచి బలపానికి, బలపం నుంచి కలానికి నడిచిన ఆ క్రమంలో ఎంతో అనుభవం ఉంది.

ఇప్పుడు ఆ ఆటలూ, పనులూ ఇళ్లలో తగ్గిపోయాయి. పప్పు శుభ్రంచేసిన ప్యాకెట్టులో వస్తున్నది. పలుచోట్ల వాకిట్లో ముగ్గు స్టిక్కరుగా మారింది. పిల్లవాడు ఏడిస్తే చేతికి సెల్‌ఫోను ఇస్తున్నారు. ఫోను అద్దంమీద వేలు జారుతుంది తప్ప పట్టుకోదు, నొక్కదు, తిప్పదు, లాగదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపవద్దనీ, అంతకన్నా తక్కువైతే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో హెచ్చరించింది. కూలిపనికి వెళ్లివచ్చి అలసిన తల్లిని ఈ విషయంలో తప్పుపట్టి లాభంలేదు. ఫోనుకు బదులు పిల్లవాడి చేతికి ఏమి ఇవ్వాలో ఆమెకు చూపించాలి.

పూసల ఊరు మన పక్కనే

పూసల విషయంలో తిరుపతి జిల్లాకు ఒక ప్రత్యేకత ఉంది. ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపొందిన ఊరు. కొలిమిలో కరిగిన గాజును ఇనుపగొట్టానికి ముద్దగా చుట్టి, దానినుంచి సన్నని పొడవాటి గాజుగొట్టాన్ని చేత్తో లాగడం ఇక్కడి పద్ధతి. ఆ గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేస్తే పదును అంచులు నున్నబడి పూసలు అవుతాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండువేల ఏళ్లనాటి పూసలు ఇదే కోవకు చెందినవని అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ గుర్తించారు. ఆ కోవ పూసలు పూర్వం సముద్రాలు దాటి ఆగ్నేయాసియాకు, ఆఫ్రికాకు వెళ్లాయి.

ఇంతటి పేరున్న జిల్లాలో పూసల పెట్టె లేని అంగన్‌వాడీ కేంద్రం ఒక్కటి ఉన్నా అది చిన్నతనమే. అయితే ఒక మాట చెప్పుకోవాలి. గాజుపూసలు బొత్తిగా చిన్నవి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు అవి పనికిరావు. బడిలో మూడో తరగతి, నాలుగో తరగతి చదివే పిల్లలకు అవి తగినవి. చిన్నపిల్లలకు చెక్కపూసలు కావాలి. ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిణెపట్టి, లక్కరంగులు వేసి బొమ్మలు చేసే కళాకారులు ఉన్నారు. వారి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల నుంచి తీసిన రంగులు వాడి చేసిన పెద్ద పూసలను అటువంటివారి చేత చేయిస్తే పిల్లలకూ మేలు, కళాకారులకూ పని.

ఏ వయసుకు ఏ పూస

ఇందుకు డబ్బు ఖర్చుపెట్టనవసరం లేదు. బంకమట్టి ఉన్న ఊళ్లో పూసలకు కొరత ఉండదు. పిల్లలచేతనే మట్టి పిసికించి, అరచేతుల మధ్య ఉండలు చేయించాలి. చీపురుపుల్లతో కన్నం పొడిచి నీడన ఆరబెట్టాలి. మట్టి పిసకడం అరచేతి కండరాలకు, ఉండ చేయడం వేళ్లకు సాధన. తాను చేసిన పూసను తానే గుచ్చుకున్న పిల్లవాడి ఆనందానికి అంతుండదు.

పని ఒక క్రమంలో సాగాలి. మొదటి మెట్టులో దారం వద్దు. ఒక మట్టిముద్దలో కొబ్బరి ఈనెను గానీ, లావుపాటి పుల్లను గానీ నిలబెట్టి దాని కొసను మొద్దుగా చేయాలి. పిల్లలు పెద్ద పూసలను దానిమీద ఒకటొకటిగా వేస్తారు. పుల్ల కదలదు గనుక సులువు. రెండో మెట్టులో గట్టితాడు. బూట్లకు కట్టే లేసు దీనికి శ్రేష్ఠం. దాని కొస గట్టిగా ఉంటుంది. అది లేకుంటే మామూలు తాడు కొసకు కొవ్వొత్తి మైనం రాస్తే సరిపోతుంది. రెండో కొసకు ముడి వేయడం మరవకూడదు. నాలుగు పూసలు గుచ్చాక అన్నీ జారి కిందపడితే పిల్లవాడు మళ్లీ ఆ పని జోలికి పోడు.

మూడో మెట్టు నాలుగేళ్లు దాటినవారికి. ఒక ఎరుపు, ఒక తెలుపు, మళ్లీ ఎరుపు, మళ్లీ తెలుపు. టీచరమ్మ వరుస మొదలుపెట్టి, తరువాత ఏ రంగు రావాలో పిల్లలను అడగాలి. వేళ్లతోపాటు ఆలోచన కూడా నడుస్తుంది. పది పూసలకు ఒక దండ చొప్పున చేయిస్తే అంకెలు చేతిలోనే తెలిసిపోతాయి. నాలుగో మెట్టు ఆరేళ్లు దాటినవారికి. సన్నపూసలు, సన్నదారం, మొద్దు కొస ఉన్న సూది పెద్దల కళ్ల ముందు ఇవ్వవచ్చు.

ఒకేసారి అరగంట కూర్చోబెట్టవలసిన పనిలేదు. పది నిమిషాలు చాలు. పిల్లవాడికి విసుగు పుట్టకముందే ఆపాలి. రేపు మళ్లీ అడుగుతాడు. గుచ్చినది వంకరగా ఉన్నా పెద్దలు తీసి సరిచేయకూడదు.

మగపిల్లలకు కూడా

పూసలు ఆడపిల్లల పని అనే భావం చాలామందిలో ఉంది. ఇది సరికాదు. పెన్సిలు పట్టు మగపిల్లలకు అక్కరలేదా? రేపు వైరు కలిపే ఎలక్ట్రీషియనుకు, వాచీ బాగుచేసేవాడికి, కుట్లు వేసే డాక్టరుకు అక్కరలేదా? పాపానాయుడుపేట కొలిమి దగ్గర గాజు లాగిన చేతులు మగవారి చేతులే.

ఎడమచేతి వాటం పిల్లల విషయం మరొకటి. పూసలు గుచ్చేటప్పుడు పిల్లవాడు ఏ చేత్తో దారం పట్టుకుంటాడో తెలిసిపోతుంది. ఎడమచేయి ముందుకు వస్తే కొట్టి కుడిచేతికి మార్పించడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో జరుగుతున్నది. అది అపశకునమూ కాదు, జబ్బూ కాదు. పుట్టుకతో వచ్చిన వాటం. బలవంతంగా మార్పిస్తే రాత పాడవుతుంది, పిల్లవాడు బెదిరిపోతాడు.

నాలుగేళ్లు దాటినా పెద్దపూసను కూడా గుచ్చలేకపోతే, ఒక చేతిని అసలు వాడకపోతే, లేక ఇదివరకు చేసిన పని ఇప్పుడు చేయలేకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. పిల్లల ఎదుగుదల లోపాలను కనిపెట్టడానికి 2013లో కేంద్రప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాని కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకు, బళ్లకు వచ్చి పిల్లలను పరీక్షించవలసి ఉంది. బిడ్డ సంగతి దాచిపెట్టకుండా ఆ బృందానికి చెప్పాలి. కంటిచూపు లోపం కూడా కొన్నిసార్లు పూసల దగ్గరే బయటపడుతుంది.

ప్రమాదాలు మరవరాదు

పూస మేలు ఎంత ఉన్నా, దానిలో ప్రమాదమూ ఉంది. దీన్ని దాచి మేలు మాత్రమే చెప్పడం అన్యాయం. మూడేళ్లలోపు పిల్లలు ఏది దొరికినా నోట పెట్టుకుంటారు. వారి గొంతు సన్నం. పూస అడ్డుపడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. బొమ్మల భద్రతా నియమాల ప్రకారం దాదాపు మూడు సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో ఇమిడిపోయే వస్తువేదీ మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. ఇంట్లో అన్న పూసలు గుచ్చుకుంటుంటే పాకే చెల్లెలు పక్కనే ఉంటుంది. ఆ సంగతి మరవకూడదు. పని మొదలుపెట్టేముందు పూసలు లెక్కపెట్టి ఇవ్వాలి, అయిపోయాక లెక్కపెట్టి తీసుకోవాలి. ఇది పిల్లలకు లెక్క, పెద్దలకు రక్ష. నీళ్లలో వేస్తే ఉబ్బే మెత్తని రంగురంగుల గోళీలను ఇంటికి తేకపోవడమే మేలు. మింగితే అవి పేగుల్లో ఉబ్బి అడ్డుపడతాయి.

పూస గొంతులో పడి పిల్లవాడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. దగ్గలేక, ఊపిరి ఆడక, మాట రాకపోతే వెంటనే ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచాలి. అప్పటికీ రాకపోతే, ఏడాది దాటిన పిల్లలకు వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద పిడికిలితో లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కాలి. ఏడాది లోపు పసిపిల్లలకు పొట్ట నొక్కకూడదు. బోర్లా పడుకోబెట్టి తల కిందికి ఉండేటట్లు వీపుమీద చరిచి, తరువాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కాలి. పూస వచ్చేదాకా, లేదా సాయం అందేదాకా ఇలా మార్చిమార్చి చేస్తూ ఉండాలి. కనపడని పూసకోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది మరింత లోపలికి పోతుంది. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. ముక్కులోగానీ, చెవిలోగానీ పూస దూరితే పిన్నీసుతో తీయబోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మరో ముఖ్యమైన హెచ్చరిక గురివింద గింజలది. ఎర్రగా, నల్లచుక్కతో ముచ్చటగా ఉండే ఈ గింజలను ఊళ్లలో పిల్లలు ఏరి దండలు గుచ్చుతుంటారు. వాటిలో కొద్దిపాటితోనే ప్రాణం తీయగల విషం ఉంది. పైపొట్టు గట్టిది గనుక గింజను కొరకకుండా మింగితే చాలాసార్లు ఏమీ కాదు. సూదితో కన్నం పొడిస్తే ఆ రక్షణ పోతుంది. కాబట్టి గురివింద గింజను పూసగా వాడనే కూడదు. ఆముదం గింజలు, అడవి ఆముదం గింజలు, పచ్చగన్నేరు కాయలు కూడా విషమే. వాటినీ పిల్లల చేతికి రానివ్వకూడదు. పిల్లలు మెడలో దండ వేసుకుని నిద్రపోకుండా చూడాలి. దారం బిగుసుకుని ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది.

ఆట పని కాకూడదు

ఇంకొక గీత స్పష్టంగా గీయాలి. పిల్లవాడు పది నిమిషాలు ఇష్టంతో గుచ్చితే అది విద్య. డజను దండలకు ఇంతని లెక్కకట్టి గంటల తరబడి గుచ్చిస్తే అది కూలి. చిన్న వేళ్లు చురుకైనవి గనుక పూసలు, గాజులు, బీడీలు వంటి ఇంటిపనుల్లోకి పిల్లలను దించిన చరిత్ర దేశంలో ఉంది. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబానికి బడి అయ్యాక, అదీ ప్రమాదంలేని పనిలో సాయపడటానికి చట్టం వీలిచ్చింది. ఈ వీలును అడ్డంపెట్టుకుని అంగన్‌వాడీ వయసు పిల్లలచేత దండలు చేయించి అమ్ముకోవాలని ఎవరైనా చూస్తే ఊరివారే అడ్డుకోవాలి. పిల్లలు చేసిన దండ పిల్లల మెడలోనో, అంగన్‌వాడీ గోడమీదో ఉండాలి. అంగట్లో ఉండకూడదు.

చేయవలసిన పనులు

1975 అక్టోబరు 2న మనదేశంలో అంగన్‌వాడీల పథకం మొదలైంది. ఆనాటి నుంచే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పడం అందులో ఒక భాగం. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే తొలిదశగా చూడాలని చెప్పింది. 2022 అక్టోబరులో వచ్చిన ఆ దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటే బోధన కావాలని చెబుతున్నది. కాగితంమీద మాటలకు కొరతలేదు. కొరతల్లా కేంద్రంలో సామానుకు, టీచరమ్మకు దొరికే తీరికకు.

అంగన్‌వాడీ టీచరమ్మ పొద్దున వచ్చినప్పటినుంచి గుడ్లు, పాలు, బియ్యం లెక్కలు చూడాలి. బరువులు తూచాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి. ఇన్నిటి మధ్య పదిమంది పిల్లల పక్కన పది నిమిషాలు కూర్చోవడం కూడా కష్టమే. పూసలు పెద్దల కన్ను లేకుండా ఇచ్చేవి కావు గనుక, అందుకు సమయం మిగిల్చే బాధ్యత అధికారులది. పర్యవేక్షకులు వచ్చినప్పుడు రిజిస్టర్లు చూసినట్టే పిల్లల చేతులనూ చూడాలి. ఎంతమంది గుచ్చగలుగుతున్నారో, ఎవరు గుచ్చలేకపోతున్నారో అడగాలి.

పంచాయతీలు తలచుకుంటే ప్రతి కేంద్రానికి మూతబిగువుగల ఒక పెట్టెలో పెద్ద చెక్కపూసలు, లేసులు సమకూర్చడం పెద్ద ఖర్చు కాదు. ఊళ్లో వడ్రంగి ఉంటే మిగిలిన కర్రముక్కలతో చేసి, నున్నగా తోమి ఇవ్వగలడు. రంగులు వేయించేటట్లయితే సీసం లేని రంగులే వేయించాలి. పిల్లలు పూసను ఎప్పుడో ఒకప్పుడు నోట పెట్టకమానరు. పొదుపు సంఘాల మహిళలు నెలకొకసారి పిల్లలతో కూర్చుని మట్టిపూసలు చేయించవచ్చు. అవ్వలకు ఈ పని బాగా వచ్చు. పూలు గుచ్చే చేతులు పూసలు గుచ్చించలేవా?

ప్రయివేటు నర్సరీల యాజమాన్యాలు కూడా ఆలోచించాలి. తల్లిదండ్రులు రాతపుస్తకం అడుగుతున్నారు గనుక రాయిస్తున్నామని వారు అంటారు. తెలిసినవారు తెలియనివారికి చెప్పాలి గాని, తెలియనితనాన్ని ఫీజుగా మార్చుకోకూడదు.

పూసలు గుచ్చితే పిల్లవాడు మేధావి అవుతాడని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. పరుగులు, చెట్టెక్కడం, బంతాట, కథలు వినడం అన్నీ పిల్లలకు కావాలి. వాటిలో పూసల దండ ఒకటి మాత్రమే. కాని చేతికి అందుబాటులో ఉన్నది, ఖర్చులేనిది, ఇప్పుడే మొదలుపెట్టగలిగినది అది.

వాకిట్లో నిలబడి ప్రశ్న వేసిన ఆ తల్లికి టీచరమ్మ చెప్పవలసిన సమాధానం ఇదే: "అక్కా, వీడు ఇప్పుడు పూస గుచ్చుతున్నాడు. రెండేళ్లు ఆగు. ఇదే వేళ్లతో తన పేరు రాస్తాడు." ఆ మాట ఆమెకు నమ్మకం కలిగేటట్లు చెప్పడం, ఆ నమ్మకాన్ని నిలబెట్టడం అంగన్‌వాడీ బాధ్యత. అంతవరకు ఓపికపట్టడం తల్లిదండ్రుల బాధ్యత. మూడేళ్ల పిల్లవాడి చేతికి తొందరపడి పెన్సిలు ఇస్తే కలిసివచ్చేదేమీ లేదు. పూస ఇచ్చి, పక్కన కూర్చుంటే చాలు.